ఒక్క దెబ్బకు ఆగు, రెండు దెబ్బలకు పో

అల్లా సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు. కల్పించేదాన్నే అయితే ఇంకాస్త బాగా కల్పించేదాన్ని. దయ్యం ఉండేది, తెల్లచీర ఉండేది, చివర్లో ఎవరో ముసలాయన వచ్చి అసలు సంగతి విప్పి చెప్పేవాడు. ఇందులో అవేవీ లేవు. నవ్వితే నవ్వండి గానీ మధ్యలో ఆపకండి. ఒకసారి ఆపితే మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

నా పేరు షంషాద్. తాడిపత్రిలో చిన్న ఫోటో స్టూడియో నడుపుతున్నాను. రోజంతా పాస్‌పోర్టు సైజు ఫోటోలే. తల కాస్త పైకెత్తండి, గడ్డం దించండి, కళ్ళు మూయకండి... ఇదే బతుకు. నా భర్త దస్తగిరికి సొంత లారీ ఉంది. పాలిష్ పట్టిన బండలు ఎత్తుకుని నెల్లూరు వైపు సముద్రపు ఒడ్డు ఊళ్ళకు తోలుతాడు. పని లేని రోజుల్లో నేనూ క్యాబిన్ ఎక్కి పోతాను. ఎందుకంటే నాకు లైట్‌హౌసుల పిచ్చి.

పిచ్చే. నేనే ఒప్పుకుంటున్నాను కాబట్టి మీరు మళ్ళీ చెప్పక్కర్లేదు. తాగే నీళ్ళకే దిక్కులేని చోట పుట్టినదానికి సముద్రపు స్తంభాలతో ఏం పని అని మా వీధిలో అడగని వాళ్ళు లేరు. పైగా నాకు మామూలు ఫోటోలు చాలవు. మబ్బు పట్టిన రోజే కావాలి. ఎండలో తీస్తే తెల్లసున్నం కొట్టిన స్తంభం ఫోటోలో తెల్లగా మాడిపోతుంది. మబ్బు ఉంటేనే దాని పగుళ్ళు, తుప్పు పట్టిన కమ్మీలు, ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడ, అన్నీ బయటపడతాయి. ఇక మబ్బు రోజున చీకటి పడే వేళ దీపం తిరగడం మొదలైతే... వెలుగు మబ్బు అడుగున పాకుతూ పోతుంది. ఆ ఒక్క ఫోటో కోసం రెండేళ్ళుగా తిరుగుతున్నాను. ఒక్కో లైట్‌హౌసుకు ఒక్కో లెక్క ఉంటుంది. ఒకదాని వెలుగు ఆరు అంకెలు లెక్కపెట్టేసరికి తిరిగొస్తుంది. ఇంకోదానిది పదికి వస్తుంది. పడవల వాళ్ళు ఆ లెక్కతోనే ఇది ఫలానా ఊరిదని గుర్తుపడతారు. నేను కూడా మనసులో లెక్కపెట్టుకుంటూనే ఫోటో తీస్తాను.

ఈసారి మూడు రోజులున్నాం ఆ ఒడ్డున. మూడు రోజులూ ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు! ఎండ అంటే ఎండ. మా అనంతపురం ఎండను మూటగట్టి నేనే వెంట తీసుకుపోయినట్టు. దస్తగిరి ఒకటే నవ్వు. “మోడం కావాలంటే మనూర్లోనే ఉండాల్సింది గదా. ఆడ వానైనా పడుతుందేమోనని అందరూ చూస్తాంటే నువ్వు ఈడికొచ్చి కూర్చున్నావు” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఒళ్ళు మండటానికి అసలు కారణం వేరే ఉంది. అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. దస్తగిరికి రాత్రిపూట కళ్ళు కనిపించడం లేదని నాకు అనుమానం. ఆరు నెలలుగా చూస్తున్నాను. పొద్దు గూకితే గుమ్మానికి భుజం కొట్టుకుంటాడు. చాయ్ గ్లాసు ఇస్తే గ్లాసుకు పక్కన చెయ్యి చాపుతాడు. రాత్రి బండి తోలేటప్పుడు, “ఆ బోర్డు మీద ఏం రాసినారు మే? నాకు చదువు రాదు గదా” అంటాడు. పదో తరగతి పాసైన మనిషి! డాక్టరు దగ్గరికి పోదామంటే పోట్లాట. కళ్ళు బాలేవని తేలితే హెవీ లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే బండి పోతుంది. పద్దెనిమిదో ఏట స్టీరింగ్ పట్టిన మనిషి, అది తప్ప ఇంకో పని చేతకాదు. ఆయన భయం నాకు తెలుసు. తెలిసినా ఏం లాభం... నోరు విప్పి ఒప్పుకోడు కదా! నేను అడిగితే కోపం, అడగకపోతే నాకు నిద్ర పట్టదు.

తిరుగు ప్రయాణంలో బండి ఖాళీ. క్లీనర్ హుసేనప్ప కడపలో అక్కను చూసి రెండు రోజుల్లో వస్తానని దిగిపోయాడు. మేమిద్దరమే మిగిలాం. రాత్రయిపోయింది, ఈ రాత్రికి కడపలోనే పడుకుందామన్నాను. వినలేదు. “నాకేమైనా కొత్త దోవనా ఇది?” అన్నాడు. ముద్దనూరు దాటాక తల పైకెత్తి చూశాను. ఒక్క చుక్క లేదు. ఆకాశమంతా మబ్బు! దట్టంగా, కిందికి దిగి, కొండలకు ఆనుకుని ఉంది. మూడు రోజులు ఒడ్డున కూర్చుని దేన్ని చూద్దామని ఏడ్చానో అది ఇక్కడ మా ఇంటి నెత్తిన పరుచుకుని ఉంది. పట్టరాని కోపం వచ్చింది నాకు. మబ్బు మీద కోపం తెచ్చుకునే మనిషిని ఎక్కడైనా చూశారా?

తాడిపత్రి ఇంకో అరగంట ఉందనగా రోడ్డు పని అడ్డమొచ్చింది. పక్కదారిన పొమ్మని బాణం గుర్తు పెట్టారు. దస్తగిరి ఆ బాణం చూశాడో లేదో, నేను చెప్పేలోపే బండిని ఇంకో మట్టిదారిలోకి తిప్పేశాడు.

“ఏమయ్యా, ఇది గాదు దోవ.”

“నాకు తెలుసులే మే. బండల గనుల మీదుగా పోతే తొందరగా పోతాం.”

తెలిసి తిప్పాడా... కనపడక తిప్పాడా? ఇప్పటికీ అడగలేదు. దారికి రెండు వైపులా గనుల్లోంచి తీసి పారేసిన తుక్కురాళ్ళ గుట్టలే. చక్రాల కింద రాతిపొడి తెల్లగా లేస్తోంది. ఇల్లు లేదు, చెట్టు లేదు, ఎదురొచ్చే బండి లేదు.

అప్పుడు కనిపించింది.

ముందు మబ్బు అడుగున కనిపించింది. తెల్లటి వెలుగు... ఎడమ నుంచి కుడికి... నిదానంగా పాకి పోయింది. మెరుపు కాదు. మెరుపు టక్కున వచ్చి టక్కున పోతుంది. ఇది పాకింది. నా నోట్లో అంకెలు వాటంతటవే మొదలయ్యాయి. ఒకటి... రెండు... మూడు... పన్నెండు దగ్గర మళ్ళీ వచ్చింది. మళ్ళీ పన్నెండు. మళ్ళీ వచ్చింది. సముద్రం అక్కడికి ఎన్ని ఊళ్ళ అవతల ఉందో నాకు తెలుసు, ఆ దూరమంతా క్యాబిన్‌లో కూర్చుని నడుం విరగ్గొట్టుకున్నదాన్ని. అయినా నా కళ్ళ ముందు లైట్‌హౌసు వెలుగు తిరుగుతోంది. నేను చూసినవాటిలో పన్నెండుకు తిరిగేది ఒక్కటి కూడా లేదు.

“బండి ఆపు! ఆ లైటు చూడు!”

“ఏం లైటు?”

“అదిగో... ఇప్పుడే పోయినాది. ఉండు, మళ్ళా వస్తాది... తొమ్మిది, పది... అదిగో!”

మబ్బు మీది వెలుగు ఆయన ముఖం మీద కూడా పడి పోయింది. రెప్ప కూడా వేయలేదు. నేరుగా దానివైపే చూస్తూ, “యాడ మే?” అన్నాడు.

నన్ను ఆట పట్టిస్తున్నాడని అనుకున్నాను. భుజం మీద ఒకటి వేశాను. “నిజం చెప్పు, కనపడలేదా?” అన్నాను. “ఏమీ లేదు, నీకు నిద్దరొచ్చినాది, పండుకో” అన్నాడు. ఆ గొంతులో ఆట లేదు. అంత వెలుగు కనపడలేదంటే... ఈ మనిషి ఇంతదూరం బండి ఎట్లా తోలుకొచ్చాడు?

ఆయన బండి ఆపాడు. ఇక్కడ నేను చేసిన పని ఒకటుంది, చెప్పడానికి సిగ్గేస్తోంది. ఆ భయంలో కూడా నాకు ఫోటో గుర్తొచ్చింది. రెండేళ్ళుగా వెతుకుతున్న ఫోటో... మబ్బు అడుగున తిరిగే వెలుగు. ఎప్పుడూ ఒడ్డున అడిగినట్టే అడిగాను. “హెడ్‌లైట్లు ఆపేయ్, ఫోటోకు అడ్డం” అన్నాను. ఆపేశాడు. ఇంజను కూడా ఆపేశాడు. ఫోను చార్జింగులో పెట్టి ఉంటే అక్కడే వదిలేసి కెమెరా, స్టాండు తీసుకుని దిగాను. బండి వెనక చక్రం పక్కన స్టాండు నిలబెట్టి కెమెరా ఆన్ చేసి, వెలుగు మబ్బు అడుగున పోతుండగా ఒక ఫోటో నొక్కాను. వేడి ఇంజను... టిక్... టిక్... అని చల్లారుతోంది. గాలి లేదు. కాలికింద రాతిపొడి మాత్రం నలుగుతోంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నోరు ఊరుకోలేదు. “ఇంత లైటు కనపడలేదంటే నీ కండ్లు పోయినట్టే. రేపే డాక్టరు దగ్గరికి. ఇంకొక్క మాట మాట్లాడితే బండి తాళాలు బావిలో పారేస్తా” అని కెమెరా మీదకు వంగే అరిచాను.

క్యాబిన్ తలుపు తెరుచుకున్న చప్పుడు. దిగాడు.

“నేను గుడ్డోడినా? సరే, చూడు. టార్చి కూడా అక్కర్లేదు. పోయి ముందర దోవ ఎట్లుండాదో చూసొస్తా. అప్పుడు మాట్లాడు.”

“పోవద్దు. ఏమయ్యా, నీకే చెప్తాండా, పోవద్దు!”

పోయాడు. అడుగుల చప్పుడు బండి ముందువైపు... దూరంగా... ఇంకా దూరంగా. సరే పోనీ, ఏదైనా రాయి తగిలి పడితే బుద్ధొస్తుందని కూడా అనుకున్నాను. అనుకున్నాను, దాయను.

పన్నెండు అయింది. ఈసారి వెలుగు మబ్బు మీద రాలేదు. నేల మీదకొచ్చింది.

తుక్కురాళ్ళ గుట్ట మీదుగా జారి, దారి మీదుగా పాకి, నా భర్త వీపు మీదుగా పోయింది. ఆయన ముందు నాలుగైదు అడుగుల నేల ఉంది. ఆ తర్వాత నేల లేదు. వెలుగు పోతూ పోతూ గని అంచు మీద పడి కిందికి దిగింది... అడుగు ఎక్కడుందో తెలియలేదు. మళ్ళీ చీకటి.

ఒకటి... రెండు...

“ఆగు! ముందర గని ఉండాది! ఆగు!”

ఆగలేదు. అడుగులు వినిపిస్తూనే ఉన్నాయి. ఇంకా గట్టిగా వేస్తున్నాడు, నేను బెదిరిస్తున్నానని. రోజూ అరిచే నోరు కదా నాది, దానికి విలువెక్కడ! పరుగెత్తినా అందుకోలేను. నా చెయ్యి బండి బాడీ మీద ఉంది. లారీల వాళ్ళ పద్ధతి మీకు తెలుసో లేదో. బండి వెనక్కి తీసేటప్పుడు క్లీనర్ వెనక నిలబడి బాడీ మీద కొడతాడు. రెండు దెబ్బలు కొడితే పో, ఒక్క దెబ్బ కొడితే ఆగు. డ్రైవరు మాట వినడు, ముఖం చూడడు, దెబ్బ మాత్రమే వింటాడు. ఇరవై ఏళ్ళుగా ఆ దెబ్బకే ఆయన కాలు బ్రేకు మీదికి పోతోంది. బలమంతా తీసి అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాను.

ధన్!

ఖాళీ బాడీ మోగింది. అడుగులు ఆగిపోయాయి.

ఏడు... ఎనిమిది... “అట్లే ఉండు, నేనొస్తాండా, కదలొద్దు” అందామని నోరు తెరిచాను. మాట రాలేదు.

అప్పుడు...

ధన్. ధన్.

రెండు దెబ్బలు.

నేను కొట్టలేదు. నా అరచెయ్యి బాడీ మీదే ఉంది. ఇనుము అదిరింది... ఆ అదురు నా చేతికి తెలిసింది. తొందరపాటు లేదు ఆ దెబ్బల్లో. పనిలో ఉన్న మనిషి కొట్టినట్టే ఉన్నాయి... పో, దారి బాగుంది, పో... అన్నట్టు. బండి అవతలి వైపు నుంచా? ఖాళీ బాడీ లోపల నుంచా? తెలియదు. తల తిప్పి చూడలేకపోయాను. ముందు, చీకట్లో, రాతిపొడి మీద చెప్పు లేచిన చిన్న చప్పుడు వినిపించింది.

కొట్టాను. పిడికిలితో కొట్టాను. ధన్! వేళ్ళ చర్మం లేచిపోయింది.

పన్నెండు.

వెలుగు వచ్చింది. ఆయన నిలబడి ఉన్నాడు, అంచు మీద. ఒక కాలు నేల మీద, ఇంకో కాలు సగం లేచి. బండికి అవతల ఎవరూ లేరు. దారి మీద ఎవరూ లేరు. వెలుగు ఆయన్ని దాటి, నన్ను దాటి, గుట్ట వెనక్కి పోయింది. అంతే. మళ్ళీ రాలేదు. పన్నెండు లెక్కపెట్టాను, ఇరవై నాలుగు లెక్కపెట్టాను, అరవై దాకా లెక్కపెట్టాను. రాలేదు. చీకట్లోనే బండిని తడుముకుంటూ ముందుకు పోయి, అక్కడి నుంచి నేల మీద కూర్చుని, చేతులతో పాకి పాకి ఆయన కాలు పట్టుకున్నాను.

“ఏంది మే? దోవ బాగుండాదని కొట్టినావు, మళ్ళా ఆగమని కొట్టినావు. ఏందో ఒకటి చెప్పు” అన్నాడు. గొంతులో పెద్ద విసుగు. నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని వెనక్కి లాగి చెంప మీద కొట్టాను కూడా. పెళ్ళయిన పదిహేనేళ్ళలో అదే మొదటిసారి.

క్యాబిన్‌లో తలుపులు బిగించుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. తెల్లారాక చూశాం. బండి ముందు చక్రం నుంచి ఇరవై అడుగులు వేస్తే గని. అడుగున పచ్చటి నీళ్ళు, వాటి మధ్య కోసి వదిలేసిన బండలు. అంచుకు జానెడు ఇవతల ఆయన చెప్పుల గుర్తులున్నాయి. అటుగా గొర్రెలు తోలుకొచ్చిన ఒకాయన మా వాలకం చూసి ఆగాడు. రాత్రి ఇక్కడ ఏదో లైటు తిరిగిందని అడిగాను. “యాడి లైటమ్మా? గని మూసేసినాక కరెంటు తీగలు గూడా పీక్కోని పోయినారు. ఈడ ఏమీ లేదు” అన్నాడు. పోతూ పోతూ దస్తగిరి ముఖంలోకి ఒకసారి చూసి, “రాత్రిపూట ఈ దోవకు రావద్దప్పా” అని గొర్రెల్ని అదిలించాడు. ఎందుకని అడగలేదు. అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు.

కెమెరాలో ఒక ఫోటో ఉంది. మబ్బు, దాని అడుగున ఒక తెల్ల చార. స్టూడియోకి వచ్చిన ఒకరిద్దరికి చూపించాను. చెయ్యి కదిలినట్టుంది అన్నారు. స్టాండు మీద పెట్టిన కెమెరాకు చెయ్యి ఎట్లా కదులుతుంది? ఇంకొకాయన, మీరు కొట్టిన దెబ్బే గని గోడకు తగిలి రెండుగా వినిపించి ఉంటుందని తేల్చేశాడు. అంతసేపటికా? ఒక దెబ్బ రెండవుతుందా? మరి నా అరచేతికి తెలిసిన అదురు సంగతేమిటి? అందరూ తెలివైనవాళ్ళే, అందరూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో హాయిగా పడుకున్నవాళ్ళే.

ఆ వారమే దస్తగిరిని కళ్ళ ఆసుపత్రికి తీసుకుపోయాను. పోట్లాడకుండా వచ్చాడు. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. పక్కచూపు సగానికి సగం పోయిందట, చీకట్లో అయితే ఇంకా తక్కువట. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి అంది. ఇక లారీ ముట్టుకోవద్దని నేరుగా చెప్పేసింది. ఆయన తలూపాడు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ వేసుకుంటూ ఆగిపోయి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. అన్నాళ్ళూ నేను కోరుకున్నది ఆయన ఒప్పుకోవడమే. ఒప్పుకున్నాడు. చూడలేకపోయాను.

తిరిగొస్తున్నప్పుడు బస్సులో, కిటికీ వైపు చూస్తూ అడిగాడు.

“షంషాదూ... ఆ రాత్రి ఆగమని కొట్టిన దెబ్బ... అది నా ముందర నుంచి వచ్చినాది. గని వైపు నుంచి. నువ్వు ఎనక ఉంటివి గదా?”

“నేనే కొట్టినా. బండి మీద కొట్టినా” అన్నాను.

“ఊ...” అన్నాడు. తర్వాత, “పొమ్మని కొట్టిన రెండు దెబ్బలున్నాయే... అవి మాత్రం నువ్వున్న కాడి నుంచే వచ్చినాయి” అన్నాడు.

నేను కొట్టలేదన్నాను. మా అమ్మ మీద ఒట్టు పెట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, “సరేలే, నేనేమన్నా అన్నానా?” అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ రాత్రి నాకు కోపం వచ్చిన మాట నిజం. బుద్ధి రావాలనుకున్న మాట కూడా నిజం. కానీ నేను కొట్టలేదు. నా చెయ్యి కదల్లేదు. కదల్లేదనే నా నమ్మకం... ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా కదల్లేదనే అనిపిస్తుంది. మరి కొట్టింది ఎవరు? ఆ వెలుగు ఆయన్ని కాపాడటానికి వచ్చిందా, అక్కడిదాకా రప్పించడానికి వచ్చిందా? తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నాకు ఆలోచించే ఓపిక అయిపోయింది.

ఇప్పుడు చీకటి పడితే ఆయనకు నేనే దారి చెప్పాలి. “రా, ఈడ మెట్టు లేదు, చదునుగానే ఉండాది, కాలు పెట్టు” అంటాను. సరే అంటాడు. అని, ముందు కాలి వేళ్ళతో నేలను తడిమి చూసుకుంటాడు. నేల ఉందని ఆయనకు నమ్మకం కుదిరాకే అడుగు వేస్తాడు. నేను చెయ్యి పట్టుకుని అట్లాగే నిలబడతాను.